పెట్టెలోని సానరాళ్లు

ధ్యానభాగములు: ద్వితీయోపదేశకాండము 24:6; 1 సమూయేలు 13:19–22; ప్రసంగి 10:10



గడచిన నెలలో యౌవనస్థుల కూడిక ముగిసిన పిమ్మట ఒక అబ్బాయి వెనుక నిలిచి నన్నొక ప్రశ్న అడిగెను. "అయ్యగారండీ, అవసరం లేని వస్తువులు సరదా కోసం పోగుచేసుకోవడం పాపమాండి?" అతడు తన సంగతియే అడుగుచున్నాడనుకొని, "ఏం పోగుచేస్తున్నావు బాబూ?" అంటిని. "నేను కాదండి. మీ మంచం కింద పెట్టె గురించండి" అనెను. ప్రక్కనున్నవారు నవ్విరి. నేనును నవ్వితిని గాని జవాబు చెప్పలేదు. ప్రార్థన చేసి అందరిని పంపివేసితిని. ప్రశ్నకు ప్రార్థనను అడ్డుపెట్టుట మావంటి కాపరులకు అలవాటైన తప్పు. ఆ దినమున ఇయ్యని జవాబును ఈ పత్రికలో ఇయ్యవలెనని కూర్చున్నాను.

ఆ పెట్టెలో నున్నవి సానరాళ్లు. చిన్నవి పెద్దవి కలిపి పదునొకటి. ఇవి గాక ఆకురాళ్లు నాలుగు, ఒక పెద్దాయన క్షౌరపు పని మానుకొన్నప్పుడు నాకిచ్చిన తోలుపట్టా ఒకటి, కాలితో త్రొక్కి త్రిప్పు సానచక్రము ఒకటి. ఆ చక్రమును భుజమున వేసికొని ఊరూర తిరిగి కత్తులకు సానపట్టిన మనిషి ముసలివాడై, మోయలేక, మా వీధిలోనే దానిని అమ్మివేసి వెళ్లెను. మా యింటి ప్రక్కనున్న వడ్రంగి నాకు మంచి స్నేహితుడు. "అయ్యగారూ, మేము ఏడాదికి ఒక్క దసరాకే ఆయుధపూజ చేస్తాం, మీరు రోజూ చేస్తున్నారు" అని ఆయన పరిహాసము చేయుచుండును. పరిహాసమే అయినను అది నాకు గ్రుచ్చుకొనుచుండును.

ఈ సరదా నాకెట్లు అంటుకొన్నదో చెప్పెదను. నేను కొబ్బరి దింపు తీయువాని కుమారుడను. మా నాయన యొద్ద ఒక్కటే రాయి యుండెను. రాజమహేంద్రవరము తట్టున దొరుకు ఎఱ్ఱని ఇసుకరాతి ముక్క అది. చిరకాలము కత్తులు రుద్దగా నడుమ దోనెవలె గుంట పడియుండెను. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి వచ్చిన తుఫానును చూచినవారెవరును మరువలేరు. తెల్లవారునప్పటికి మన తోటలు నేలమట్టమైయుండెను. కొబ్బరిచెట్లు ఇండ్లమీద, బాటలమీద, కాలువలకు అడ్డముగ పడియుండెను. వేయిమందికి పైగా చనిపోయిన తుఫాను అది. బాట తీయవలెనన్న గొడ్డళ్లు కావలెను. కొబ్బరిమ్రాను పీచుగలది, తడిసినప్పుడు మరియు మొండిది. గంట నరికిన గొడ్డలి మొద్దువారును. ఆ దినములలో మా యింటి అరుగుమీద నాయన ఆ రాయి పెట్టి, ప్రక్కన నీళ్లచెంబు పెట్టెను. మాలపల్లి వారు, పెద్దవీధి వారు, రామాలయము తట్టువారు వరుసగా వచ్చి గొడ్డళ్లు పదునుపెట్టుకొని పోయిరి. ఎవరి గొడ్డలి ఎవరి రాతిమీదికి వచ్చినదని ఆ వారమంతయు ఎవరును అడుగలేదు. నాకప్పుడు మీసము కూడ రాలేదు. నీళ్లు పోయుట నా పని. ఆ రాతిమీద ఇనుము సాగునప్పుడు వచ్చు చప్పుడు నా చెవిలో నిలిచిపోయినది.

మన కోనసీమలో రాయి పుట్టదు. ఇది తెలిసిన సంగతియే గాని దీనిని గూర్చి మనము తలపోయము. గౌతమి, వైనతేయ, వసిష్ఠ పాయలు తెచ్చి పోసిన ఒండ్రుమీద మనము కాపురమున్నాము. నుయ్యి త్రవ్వినను మన్ను, ఇసుక, నీరు తప్ప మరేమియు తగులదు. కొండ అనునది ధవళేశ్వరము దగ్గర ఆగిపోవును. 1852లో పూర్తియైన ఆనకట్టకు ఆ కొండలనుండియే రాయి కొట్టిరి. దానికి దిగువన ఏటితోపాటు వచ్చునది బురదయే. కావున అమలాపురమునందు గాని రాజోలునందు గాని కొత్తపేటయందు గాని మనమొక కత్తి నూరుకొన్నామంటే ఆ రాయి ఎక్కడనుండియో పడవలోనో లారీలోనో వచ్చియుండవలెను. లేనివారు ఏమి చేయుదురు? పచ్చళ్ల జాడీ బోర్లించి దాని అడుగున రుద్దుదురు. ఇటుకముక్కమీద రుద్దుదురు. మన మందిరపు మెట్టు కుడివైపు అంచు అంతగా అరుగుటకు భక్తుల పాదములే కారణమని క్రొత్తగా వచ్చిన వారొకరు అనుకొనిరి. అది కొడవళ్ల పని.

రాయిలేని సీమలో పుట్టినందుననేమో, రాయి కనబడిన చోటనెల్ల నేను ఆగుదును. వేదాంతపాఠశాలలో చదువుకొను దినములలో ఊరు దాటినప్పుడెల్ల ఒక రాతిముక్క సంచిలో వేసికొని వచ్చెడివాడను. తరువాత కార్బొరండము రాయి వచ్చి చేరినది. 1891లో అమెరికా దేశమున ఆచెసన్ అను నతడు బంకమన్నును బొగ్గును కలిపి విద్యుత్తుతో కాల్చి వజ్రము చేయవలెనని చూచి, వజ్రమునకు బదులుగా దీనిని కనుగొనెను. మన దేశములో 1954 నుండి చెన్నపట్టణపు కంపెనీ ఒకటి దీనిని చేయుచున్నది. ఒకవైపు గరుకు, రెండవవైపు నున్నన. పేదవానికి అందుబాటులో నున్న మంచి రాయి ఇదియే. చివరగా ఒక జపాను రాయి. దానిని గూర్చి తరువాత చెప్పెదను.

పదును పెట్టుటలో నాకు కలుగు ఆనందమును దాచను. కత్తిని రాతిమీద ఎంత వాలుగా పట్టవలెనో చేయి నేర్చుకొనవలెను. కూరలకత్తి అయినచో బాగుగ వాల్చి పట్టవలెను. కొబ్బరికత్తి అయినచో కొంత నిటారుగా పట్టవలెను, లేనియెడల అంచు పలుచనై డొక్కమీద దెబ్బకు పెళ్లలు లేచును. ఒకవైపు ఓపికగా రుద్దగా రుద్దగా రెండవవైపు అంచున వ్రేలికి సన్నని గరుకు తగులును. అది తగులువరకు ఆ వైపు పని కాలేదు. అప్పుడు త్రిప్పి రెండవవైపు. ఆ మీదట నున్నని రాతిమీద తేలికగా, ఆ గరుకు పోవువరకు. తొందరపడువారు కరెంటు సానచక్రమునకు పెట్టుదురు. నిప్పురవ్వలు చూచుటకు ముచ్చటగానే యుండును. కాని అంచు నీలిరంగు తిరిగినదా, ఆ ఇనుములోని పదును చచ్చినదన్నమాట. పదును అను మాట మనకెంత విలువైనదో చూడుడి. కత్తికి పదును. కమ్మరి కాల్చి నీట ముంచిన ఇనుముకు పదును. వాన కురిసి నాగలికి అనువైన నేలకును పదును. మూడింటికిని ఒకే మాట చెప్పిన మన పెద్దలు రైతులు, కమ్మరులు. వారు నిఘంటువు చూచి మాటలు చేయలేదు.

మోషే ఇశ్రాయేలీయులకు, దేవుని ఆజ్ఞలను మీ పిల్లలకు నేర్పుడని ద్వితీయోపదేశకాండము ఆరవ అధ్యాయములో చెప్పిన చోట, హెబ్రీ భాషలో వాడబడిన క్రియకు మూలార్థము పదునుపెట్టుట అని పండితులు పలువురు చెప్పుదురు. ఒక్క రుద్దుతో కత్తి తెగదు. ఒక్క ఆదివారపు బడితో బిడ్డయు నేర్చుకొనడు. పదునైన వాక్యమును గూర్చి, ఇనుము ఇనుమును వాడిచేయుటను గూర్చి ప్రసంగములు మీరు కావలసినన్ని వినియున్నారు గనుక వాటి జోలికి పోను. ప్రసంగి పదియవ అధ్యాయములో నున్న మాట మాత్రము పనివాని మాట. ఇనుము మొద్దువారినప్పుడు అంచు తీయనివాడు బలము మిక్కిలి ఖర్చుపెట్టవలసివచ్చునని ఆయన చెప్పుచున్నాడు. ఆ బలము ఎటు పోవునో చెప్పలేదు. మొద్దుకత్తికి పెట్టిన బలము జారి చేతిమీదికి వచ్చును. ఇది నాకు ఎట్లు తెలిసినదో వినుడి.

రెండేండ్ల క్రిందట ఒక సాయంకాలము మన సంఘములోని ఒక సహోదరి మా గుమ్మమునకు వచ్చెను. ఆమె భర్తలేనిది, చేపలు కోసి అమ్ముకొని బ్రతుకునది. "అయ్యగారండీ, కత్తిపీట తెగట్లేదండి. మీ కాడ రాళ్లున్నాయంట గదండీ. ఒకటి ఇప్పిస్తే పొద్దున్నే తెచ్చిచ్చేత్తానండి" అనెను. నేను లోపలికి పోయి పెట్టె తెరచితిని. కార్బొరండము రాయి చేతికి తగిలినది. నీచు వాసన పట్టుననుకొంటిని. కత్తిపీట వంకరబద్దతో రాతిని గుంట చేయుననుకొంటిని. దానిని మరల అడుగున పెట్టి, విరిగిపోయిన సానచక్రపు ముక్క, నూనెపట్టి ఇనుమును కరవక జారిపోవుచున్నది, అది తెచ్చి ఇచ్చితిని. ఆమె రెండు చేతులతో అందుకొని దండము పెట్టి వెళ్లెను.

ఆ వచ్చిన ఆదివారమున ఆమె ఎడమచేతితో కానుక వేయుట చూచితిని. కుడి అరచేయికి గుడ్డ చుట్టియుండెను. "మొద్దుకత్తండి, చేప జారిందండి" అని చెప్పెను. పది దినములు ఆమె పనికి పోలేదు. నేనిచ్చిన రాయి ఎటువంటిదో ఆమెకు తెలియదు. నాకు తెలియును. ఆ ఆదివారము నేను చెప్పిన ప్రసంగము ఔదార్యమును గూర్చి.

పంటలు విస్తారముగ పండినప్పుడు కొట్లు విప్పి మరి పెద్దవి కట్టించుకొనదలచిన ధనవంతుని ఉపమానము లూకా పండ్రెండవ అధ్యాయములో నున్నది. దానిని చదివి నేను చాలమారులు నన్ను ఓదార్చుకొంటిని. నా యొద్ద కొట్లు లేవు, ఎకరములు లేవు, కొన్ని రాళ్లు మాత్రమే గదా అనుకొంటిని. రాళ్లలో లోభమేమి? అప్పుడు ద్వితీయోపదేశకాండము ఇరువది నాలుగవ అధ్యాయము ఆరవ వచనము నాకు ఎదురుపడెను. తిరుగటిని గాని దాని పైరాతిని గాని తాకట్టు పట్టరాదని ధర్మశాస్త్రము చెప్పుచున్నది. కారణము, అది ఒకని ప్రాణమునే తాకట్టు పట్టినట్లు. వెండిబంగారములను గూర్చి గాదు, రాతిని గూర్చి ఈ మాట. ఆ యింట పిండి విసరు రాయి ఆగినచో పొయ్యి ఆగును. నేను ఎవరికిని అప్పియ్యలేదు, తాకట్టును పట్టలేదు. అయినను ఒక స్త్రీ బ్రతుకునకు కావలసిన రాయి ఆ రాత్రి నా మంచము క్రింద నుండెను.

సౌలు కాలములో ఇశ్రాయేలు దేశమందంతట కమ్మరి లేడని సమూయేలు మొదటి గ్రంథము పదుమూడవ అధ్యాయములో చదువుచున్నాము. హెబ్రీయులు కత్తులు చేసికొందురని ఫిలిష్తీయులు వారికి కమ్మరులను ఉండనియ్యలేదు. నక్కు వాడిచేయించుకొనవలెనన్నను శత్రువు గుమ్మమునకు పోవలసినదే. అక్కడ మన తెలుగు బైబిలులో ఆకురాళ్లు అని యున్న చోట హెబ్రీ మూలములో పీము అను మాట యున్నది. ఆ మాటకు అర్థమేమో పూర్వపు అనువాదకులకు తెలియక ఊహించి వ్రాసిరి. ఇరువదవ శతాబ్దములో పాలస్తీనా దేశమందు త్రవ్వకములలో పీము అని చెక్కిన చిన్న తూనికరాళ్లు బయటపడెను. ఒక్కొక్కటి 8 గ్రాములకు కొంచెము తక్కువ. తులములో మూడింట రెండు వంతులు. అనగా అది పనిముట్టు కాదు, పదునుపెట్టినందుకు ఫిలిష్తీయులు తీసికొన్న వెండి. పేదరైతు ఒక నక్కునకు అంత వెండి ఇచ్చుకొనవలసివచ్చెను. దేశమును లొంగదీయుటకు వారు సానరాయిని తమ యొద్ద ఉంచుకొనిరి. నేను వెండి అడుగలేదు గాని, ఫిలిష్తీయుని గుమ్మమునకు మా గుమ్మమునకు పోలిక లేదని ఇప్పుడు చెప్పలేను.

ఆ సహోదరి యొద్దకు పోయి జరిగినది చెప్పి క్షమింపుమని అడిగితిని. ఇది ఇక్కడ వ్రాయుటకును ఆమె ఒప్పుకొన్నది. ఆమె కొంతసేపు ఏమియు అనలేదు. తరువాత, "మంచి రాయిచ్చినా నాకు పట్టడం రాదు గదండీ. మీరే రెండు రుద్దులు రుద్దిపెడితే పోయేదండి" అనెను. ఆ మాట నాకు తోచనేలేదు. రాయి ఇయ్యవలెనా మానవలెనా అనియే నేను తడుముకొంటిని గాని, నా చేతులను ఇయ్యవచ్చునని తలంపలేదు. నజరేతులో మన ప్రభువు వడ్రంగి. ఆయన యొద్ద రాయి యుండెనని ఎక్కడను వ్రాయబడలేదు. అయినను ఉలికి పదునుపెట్టని వడ్రంగి ఉండడు గనుక, ఆ చేతులును తడిసి బూడిదరంగు బురదతో నిండినవియే అని నేను నమ్ముదును.

అప్పటినుండి శనివారము సాయంకాలములందు మందిరపు వసారాలో ఒక బల్ల వేసి కూర్చుండుచున్నాను. ఇసుకరాయి, కార్బొరండము, ఆకురాళ్లు, బకెట్టెడు నీళ్లు. కత్తిపీటలు, కొడవళ్లు, కొబ్బరికత్తులు వచ్చును. ఒలుపు గునపములు మాత్రము కమ్మరి యొద్దకు పంపుదును, అవి నా వలన కావు. సరదా తగ్గలేదు సుమీ, ఇంకను పెరిగినది. ఒక్కడనే కూర్చుండి నూరిన కత్తినే మరల నూరుకొనుటకంటె, ఎవరెవరి చేతిపట్టునకో అరిగిన పిడిని పట్టుకొని ఆ మనిషి ఏ వైపునకు ఒరిగి పనిచేయునో తెలిసికొనుటలో రుచి యెక్కువ.

ఇంతటితో కథ ముగిసినచో నాకు సులువుగా నుండెడిది. గడచిన సంక్రాంతికి ముందు శనివారమున మన సంఘపు యౌవనస్థుడొకడు ఒక గుడ్డమూట తెచ్చి బల్లమీద విప్పెను. అందులో చిటికెనవ్రేలంత కత్తులు ఏడెనిమిది. కోడికత్తులు. మన సీమలో భోగి మొదలు కనుమ వరకు ఏమి జరుగునో నేను వ్రాయనక్కరలేదు. 1960లో చేసిన జంతుహింస నివారణ చట్టమున్నను బరులు వెలియుచునేయున్నవి. "ఇవి చెయ్యను బాబూ" అంటిని. అతడు, "కొడవలికి పెట్టారు, గొడ్డలికి పెట్టారు. దీనికి పెట్టరా? రాయికి తేడా తెలుత్తాదేంటండి?" అనెను. నేను పలుకకుండుట చూచి, "క్రిస్మస్ విందుకి మేకపోతుని కోసిన కత్తికి పదునుపెట్టింది మీరే గదండీ" అనెను.

ప్రియులారా, ఆ మాట న్యాయమైన మాట. దానికి నేను అక్కడికక్కడే మంచి జవాబు చెప్పలేకపోతిని. తరువాత ఎన్నో రాత్రులు ఆలోచించితిని. విందుకు కోసినవాడు ఆ ప్రాణి బాధ త్వరగా ముగియవలెననియే పదునుకత్తి కోరును. మొద్దుకత్తి అక్కడ క్రూరత్వము. బరిలో కత్తి కట్టువాడు ఆ బాధను చూచువారి ఎదుట పరచి, దానిమీద డబ్బు ఒడ్డును. మూడు దినములలో ఏడాది కూలి పోగొట్టుకొన్న యింటి తల్లులు నా యొద్దకు వచ్చి ఏడ్చుట నేనెరుగుదును. ఇది చాలినంత భేదమని నాకు తోచుచున్నది. అయినను ఆ మేకకు భేదము తెలిసెనా అని అతడు మరల అడిగినచో నేనేమందును?

గెత్సెమనే తోటలో పేతురు కత్తి దూసి మల్కు అనువాని చెవి తెగనరికెను. ప్రభువు ఆ చెవిని బాగుచేసి, కత్తిని ఒరలో పెట్టుమనెను. ఆ కత్తికి పదును పెట్టినవాడెవడో సువార్తికులు వ్రాయలేదు. యెరూషలేములో ఎవడో ఒక సానవాడు పండుగ దినములలో గిరాకి ఎక్కువగనున్నందున ఏమియు అడుగక రుద్ది ఇచ్చియుండును. మంచి పనివాడే అయియుండును. ఒక్క వ్రేటుకు చెవి తెగినది గదా. అతని మీద నేరమేమియు మోపబడలేదు. అడుగకుండ పదునుపెట్టుటకు నా చేయి మాత్రము ఇప్పుడు రాదు.

ఆ అబ్బాయి మూట కట్టుకొని వెళ్లెను. అమలాపురములో కరెంటు చక్రమునకు పెట్టించుకొన్నాడని తరువాత వింటిని. నేను కాదనుటవలన ఒక్క కోడియు బ్రతుకలేదు. అతడు మందిరమునకు వచ్చుట మానెను. ఆ సంగతియే నన్ను ఎక్కువ బాధించెను. ఒకరి కత్తికి పదునుపెట్టనని చెప్పి ఆ మనిషినే పోగొట్టుకొంటినా అని తలపోయుచుంటిని. శ్రమదినముల కూడికలలో ఒక రాత్రి వెనుక వరుసలో కనబడెను. నేనేమియు అడుగలేదు, అతడేమియు చెప్పలేదు. మొదట వ్రాసిన ప్రశ్న అడిగినవాడు అతడే. ఈ సంగతులు వ్రాయుదునా అని అడిగినప్పుడు, "పేరు రాయకండి" అని మాత్రమే అనెను. ప్రక్కనున్నవారు నవ్విరి గాని అతడు నవ్వుటకు అడుగలేదని నాకప్పుడే తెలిసినది. కోడికత్తికి హద్దు గీసిన అయ్యగారు తన పెట్టెకు హద్దు గీసికొన్నాడా అని అతడు అడుగుచున్నాడు.

కనుక బాబూ, నీకు ఉన్నదున్నట్లు చెప్పుచున్నాను. ఆ పెట్టెలో జపాను రాయి ఒకటి యున్నది. ఒక పెండ్లి చేయించినందుకు వచ్చిన కానుకలో నుండి రెండువేలకు పైగా పెట్టి ఫోనులో తెప్పించితిని. అమ్మగారికి సగము ధరయే చెప్పితిని. ఈ పత్రిక చదివిన తరువాత మా యింట ఏమి జరుగునో చూడవలెను. దానిని నీళ్లలో నానబెట్టి రుద్దినచో అంచు అద్దమువలె మెరయును. అది మెత్తని రాయి, త్వరగా అరుగును. అందుచేత ఇంతవరకు బల్లమీదికి తేలేదు. శనివారములందు ఇసుకరాయిని, కార్బొరండమును తీసి, దానిని గుడ్డలో చుట్టి అడుగున పెట్టుచున్నాను. ఈ శనివారము చేపలమ్మ కత్తిపీట వచ్చు వంతు. నీవు వచ్చి నీళ్లు పోయుటకు కూర్చుందువా?